కుక్కతో రాజీ

మా తమ్ముడికి ఒంట్లో అన్నీ ఎక్కువే. పొడుగు ఎక్కువ, ఆకలి ఎక్కువ, కోపం మరీ ఎక్కువ. ఒక్కటే తక్కువ. అదేమిటో ఆ ఏడాది ఎండలు ముదరకముందు తెలిసింది.

చలికాలంలో న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో చావుతో కుస్తీ పట్టాడు. గాజు సీసాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే ముప్పయ్యేళ్ళవాడు, ఇద్దరు మోసేది ఒక్కడే మోసేవాడు, రెండు రోజుల దగ్గుకి అలా కూలిపోవడమేమిటని రక్తం జబ్బుల డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. పరీక్షల మీద పరీక్షలు చేయించి, చివరికి ఒకరోజు మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మీ తమ్ముడికి ప్లీహం పనిచెయ్యడం లేదమ్మా. గుప్పెడంత ఉండాల్సింది, ఎండిపోయి బాదంగింజంత అయింది. పుట్టుకతో వచ్చిన జబ్బు. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం ఉండి, రెండూ ఇతని దగ్గర కలిశాయి. చాలా చాలా అరుదు."

కడుపులో బల్ల పెరిగిందని చెప్పుకోగా విన్నాం గానీ, బల్ల ఎండిపోవడం మేమెక్కడా వినలేదు. నాకూ పరీక్ష చేశారు. నాది శుభ్రంగా ఉందట. ఆ మాట వినగానే వాడి వాటా కూడా నేనే మింగేసినట్టు సిగ్గేసింది.

"రక్తంలోకి దూరిన క్రిముల్ని వడగట్టేది అదే," అంది డాక్టరమ్మ. "ఇంకొకరికి పడుకుంటే పోయే జ్వరం ఇతనికి ప్రాణం మీదికొస్తుంది. టీకాలు వేయించుకోవాలి. రోజూ మాత్ర వేసుకోవాలి. జ్వరమంటూ వస్తే గంటలో ఇక్కడుండాలి." తర్వాత ఒక ఫారం ముందుకి లాక్కుని కలం తీసింది. "ఇంట్లో జంతువులేమైనా ఉన్నాయా?"

"లేవండీ," అన్నాను.

అప్పటికి మా ఇంట్లో పద్నాలుగు కుక్కలున్నాయి. కాపలా కుక్కలకి శిక్షణ ఇవ్వడం మా నాన్న పని, ఆయన తర్వాత నా పని. కానీ మా లైసెన్సు ఎనిమిదింటికే. మునిసిపాలిటీవాళ్ళు రెండుసార్లు వచ్చి, ఎక్కువున్నాయని తోలుకుపోయిన కుక్కలు మళ్ళీ తిరిగిరాలేదు. అప్పటినుంచి చేతిలో కాగితం, కలం ఉన్నవాళ్ళెవరు ఏమడిగినా మా ఇంటి జవాబు ఒక్కటే. ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన మేస్టారు ఇంట్లో మనుషులెంతమంది అని అడిగితే, ఆయన కాళ్ళ దగ్గరే ఒకటి పడుకుని ఉండగా, "కుక్కలు లేవండీ" అన్నాడు మా నాన్న.

తమ్ముడు నా వంక చూశాడు. చూసి ఊరుకున్నాడు. నా బట్టలనిండా కుక్కవెంట్రుకలే. డాక్టరమ్మ ఒక గడిలో అడ్డగీత కొట్టి కాగితం తిప్పేసింది.

మెట్లు దిగుతూ వాడన్నాడు. "అంటే అక్కా, నా లోపల కాపలా కుక్క ఉంది గానీ మొరగదన్నమాట."

"నోర్ముయ్," అని నెత్తిమీద ఒక్కటి వేశాను. ఇద్దరం ఆ మెట్లమీదే నిలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లక్ష్యపెట్టకుండా నవ్వుకున్నాం.

ఎండలు ముదిరాయి. ఒకే వారంలో కొలిమి దగ్గర ఇద్దరు పడిపోయారు. ఒకడు లేచాడు, ఒకడు లేవలేదు. ఎండాకాలం మూడు నెలలైనా పదిగంటల పనిని ఆరుగంటలు చెయ్యమన్నారు పనివాళ్ళు. కుదరదంది కంపెనీ. సమ్మె మొదలైంది. సంఘం నాయకుణ్ణి అందరూ మైకు అని పిలిచేవాళ్ళు, ఆయన గొంతుకి అది అక్కర్లేదు కాబట్టి. ఆయన పక్కన నీడలాగా మా తమ్ముడు.

నాలుగోరోజు కంపెనీ సెక్యూరిటీ ఆఫీసరు మా ఇంటికొచ్చాడు. గేటు దగ్గర ఆరు కుక్కలు కావాలన్నాడు, వాటితో నేను ఉండాలన్నాడు. ఒప్పుకున్నాను.

"మా మీదికి కుక్కల్ని తెస్తావా?" అన్నాడు తమ్ముడు. వాడి మెడ నరాలు ఉబ్బాయి.

"నేను కాదంటే ఏటి అవతలివాణ్ణి పిలుస్తారు. వాడి కుక్కలు పీక పట్టుకుంటాయి. నావి చెయ్యి పట్టుకుని ఆగుతాయి. మీ మంచికేరా."

"బాగుంది. వేరేవాడైతే గోడ కూడా పడగొట్టేవాడు, నేను కాబట్టి తలుపుతో సరిపెట్టానన్నాట్ట వెనకటికో దొంగ."

"అయితే ఏం చెయ్యమంటావ్? వీటిని వీధిలోకి వదిలేసి నేనూ వచ్చి నీ డేరాలో కూర్చోనా?"

"కూర్చో. కుర్చీ వేస్తాను."

వాడు చాప చంకలో పెట్టుకుని సమ్మె డేరాకి వెళ్ళిపోయాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది నా పని. అయినా మాత్ర మానిపించలేదు. రోజూ పొద్దున్నే గేటుకి ఇవతలనుంచి ఒక మాత్ర చుట్టి విసిరేదాన్ని. "ఇదిగో, మింగి చావు!" వాడు గాల్లోనే పట్టుకుని, నీళ్ళయినా లేకుండా మింగి, "కంపెనీ కుక్కలు కులాసానా?" అని అరిచేవాడు. మొదటి వారం అటూ ఇటూ కూడా నవ్వేవాళ్ళు.

రెండో వారం ఎవరూ నవ్వలేదు. సీసాల ఫ్యాక్టరీ ముందు గొడవంటే చేతికందేది రాయి కాదు, సీసా. మొదటి సీసాకి ఒక గార్డు కన్ను పోయింది. ఆ సాయంత్రమే గార్డులు ఒంటరిగా దొరికిన కుర్రపనివాణ్ణి గోడవెనక్కి ఈడ్చుకుపోయి ఇనపరాడ్లతో రెండు కాళ్ళూ విరగ్గొట్టారు. మర్నాడు గార్డుల వ్యాను తగలబడింది. లోపలున్న డ్రైవరు ఒళ్ళంతా మంటలతో బయటికి దూకి రోడ్డుమీద దొర్లుతుంటే, ఇటువాళ్ళు పరిగెత్తలేదు, అటువాళ్ళు పరిగెత్తలేదు. మా తమ్ముడొక్కడే డేరా గుడ్డ పీక్కుని పరిగెత్తాడు. రోడ్డంతా గాజుపెంకులు. నేను కుక్కల పాదాలకి తోలుముక్కలు కట్టి తీసుకెళ్ళేదాన్ని. అయినా సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కొక్కదాని కాలూ ఒళ్ళో పెట్టుకుని పట్టకారుతో పెంకులు ఏరాల్సి వచ్చేది.

పందొమ్మిదో రోజు కంపెనీ బయటి ఊరి పనివాళ్ళని బస్సులో తెచ్చింది. బస్సు మలుపు తిరగ్గానే సీసాలు వానలాగా పడ్డాయి. నా ఎడమచేతి గొలుసుకి చిట్టి అని ఏడాదైనా నిండని ఆడకుక్క ఉంది. దానికి గొడవంటే ఇంకా ఆటే. ఒక సీసా గేటు కమ్మీకి తగిలి పగిలి, పెంకు వచ్చి దాని మెడలో దిగింది. నా పాదాలమీద పడి, లేద్దామని రెండుసార్లు చూసి, ఇంక మానేసింది. ఆ రక్తం వేడి నాకు చెప్పుల్లోంచి తెలిసింది. ఎవడు విసిరాడో నాకు తెలియదు. అటునుంచి వచ్చిందని మాత్రం తెలుసు. అటు మా తమ్ముడున్నాడు.

నా కుడిచేతి గొలుసుకి దొర ఉంది. దొర మా ఇంట్లో పెద్ద కుక్క, తమ్ముడి చేతుల్లో పెరిగింది. మా దగ్గర శిక్షణలో ఎవరో ఒకరు దొంగ వేషం వెయ్యాలి. చేతికి మెత్తటి తొడుగు వేసుకుని కర్ర ఎత్తాలి. 'పట్టు' అనగానే కుక్క దూకి ఆ కర్ర ఉన్న చేతినే పట్టుకోవాలి. ఇంట్లో దొంగ ఎప్పుడూ తమ్ముడే. దొర పాలపళ్ళు రాలే వయసునుంచి వాడి చెయ్యి పట్టుకునే పని నేర్చుకుంది.

బస్సుకి అడ్డంగా నిలబడ్డ తమ్ముడి మీదికి ఆఫీసరు కర్ర ఎత్తుకుని వెళ్ళాడు. కర్ర వాడి నెత్తిన పడింది. మళ్ళీ పడింది. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే తమ్ముడు రెండు చేతులతో కర్ర పట్టుకుని గుంజాడు. ఇద్దరూ పెనుగులాడారు.

"పట్టు!" అని గొలుసు వదిలేశాను.

దొర లేచి కర్ర ఉన్న చేతిని పట్టుకుంది. అది తమ్ముడి చెయ్యి. ఈసారి తొడుగు లేదు. పళ్ళకి చర్మం తగలగానే తప్పు తెలిసిందేమో, నేను వదలమని చెప్పేలోపే వదిలేసి నేలకి కరుచుకుపోయింది. మణికట్టు మీద ఒకే ఒక పన్ను గీత. సంఘంవాళ్ళు పిలిచిన కాంపౌండరు తలకి ఏడు కుట్లు వేసి, గీతకి మందు రాసి కట్టు కట్టాడు. అక్క తమ్ముడి మీదికి కుక్కని ఉసిగొల్పిందని చీకటి పడకముందే ఊరంతా తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే వాడు ఇంటికొచ్చాడు. నేను షెడ్డు వెనక చిట్టిని పూడ్చి, చేతులు కడుక్కుంటున్నాను.

"దొర ఎలా ఉంది?" అన్నాడు. నన్ను కాదు, షెడ్డుని అడుగుతున్నట్టు.

"మూలకి మొహం పెట్టి పడుకుంది. తిండి ముట్టలేదు."

వాడు షెడ్డువైపు అడుగేశాడు. నేనే అందుకున్నాను. "నేనన్నది ఆఫీసరు మీదికిరా. నోరు తెరిచేసరికి కర్ర వాడి చేతిలోనే ఉంది. అది దూకేలోపు నీ చేతికొచ్చింది. నీమీద ఒట్టు."

చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత అన్నాడు. "సరే. రాజీ చేసేద్దాం పద. పాపం, అది ఆకలితో మాడుతోంది."

రాజీ అనేది మా నాన్న పెట్టిన పద్ధతి. ఇంట్లోవాళ్ళని కుక్క కరిస్తే దాన్ని కొట్టకూడదు, కట్టెయ్యకూడదు. ఆ పొద్దు గడవకముందే నేలమీద కూర్చుని, కరిచిన చోటుని దాని ముందు పెట్టాలి. దానంతట అదే నాకాలి, దానంతట అదే ఆపాలి. లేకపోతే దాని మనసులో మనం శత్రువుగానే ఉండిపోతామనేవాడు ఆయన. ఆయన చేతులమీద మచ్చలు లేని చోటు లేదు. ఒక్కటైనా చీము పట్టలేదు. కుక్కనాలుక్కి మించిన మందు లేదని చచ్చేదాకా నమ్మాడు, మమ్మల్నీ నమ్మించాడు.

కట్టు నేనే విప్పాను. మందు చేదుగా ఉంటే కుక్క ముట్టదు కాబట్టి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను. గుడ్డతోపాటు పొక్కు ఊడి సన్నగా నెత్తురు చిమ్మింది. దొర పొట్టమీద పాకుతూ వచ్చింది. వాడి మోకాలిమీద గడ్డం ఆనించి, కాసేపాగి, నాకడం మొదలుపెట్టింది. గీత తెల్లబడేదాకా నాకింది.

"చక్కిలిగిలి పెడుతోందే అక్కా," అన్నాడు వాడు. నాకు ఏడుపొచ్చింది. వచ్చిందని దాచుకోలేదు. ఆ సాయంత్రం దొర తిన్నది, మేమూ తిన్నాం. ఇంక మా కుక్కలు గేటుకి రావని మర్నాడు పొద్దున్నే ఆఫీసరుకి కబురు పెట్టాను. పందొమ్మిది రోజుల్లో నాకు నిద్ర పట్టింది ఆ రోజే.

మూడోరోజు పొద్దున వాడు వణుకుతూ లేచాడు. నేను నుదురు ముట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా, కుక్కల వ్యానులో పడేసుకుని బయల్దేరాను. గేటు వీధిలో టైర్లు తగలబడుతున్నాయి. ఎవడో అద్దం మీద రాడ్డుతో కొట్టాడు. కొట్టినవాణ్ణి గుద్దేసుకుంటూ పోయాను, వాడు బతికాడో చచ్చాడో ఆగి చూడలేదు. అరగంటలో ఆస్పత్రిలో ఉన్నాం. చెప్పినట్టే గంట దాటనివ్వలేదు కదా అని ధైర్యంగా ఉన్నాను.

మధ్యాహ్నానికి వాడి కాళ్ళమీద, ముక్కుమీద ఊదారంగు మచ్చలు లేచాయి. వేళ్ళు చల్లబడ్డాయి. డాక్టరమ్మ వాడి ఒళ్ళంతా వెతుక్కుంటూ వచ్చి మణికట్టు దగ్గర ఆగింది.

"ఇదేమిటి?"

"కుక్క... పన్ను గీసుకుందండి. ఏం కాలేదు. ఆ సాయంత్రం అదే నాకేసింది కూడా."

ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. "ఏ కుక్క?"

"మా ఇంటి కుక్క."

"ఇంట్లో జంతువులు లేవన్నారు."

నేను తల దించుకున్నాను.

"లేవన్నారు కాబట్టే నేను చెప్పలేదమ్మా," అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "కుక్కనోట్లో ఒక క్రిమి ఉంటుంది. మీకూ నాకూ ఏమీ చెయ్యదు. మీ నాన్నగారినీ ఏమీ చేసుండదు. ప్లీహం లేనివాళ్ళని రెండు రోజుల్లో తినేస్తుంది. కరిచిన రోజే వస్తే వేరే మందు ఇచ్చి ఇంటికి పంపించేదాన్ని. రోజూ మాత్ర వేసుకోకపోతే ఈపాటికి మనిషే లేడు."

బతికాడు. పదకొండు రోజుల తర్వాత కళ్ళు తెరిచాడు. ఈలోపు వేళ్ళు బొగ్గులైపోయాయి. కుడిచేతివి అయిదూ, ఎడమచేతివి మూడు, రెండు పాదాల ముందు సగాలూ తీసేశారు. కొలిమిలోంచి కరిగిన గాజుని గొట్టంతో అందుకుని పూవులాగా తిప్పే చేతులవి.

ఎద్దు పుండు కాకికి ముద్దు. మైకు పోలీసు ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, జీవితంలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"ఒక్క మాట చెప్పరా చాలు. గేటు దగ్గర ఆఫీసరు ఉసిగొల్పితే కంపెనీ కుక్క కరిచింది, దానివల్లే ఇలా అయిందను. ఆఫీసరు జైల్లో ఉంటాడు, ఆరుగంటల పని మన చేతిలో ఉంటుంది."

"పట్టు అన్నది ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కాగితం తీస్తూ. "ఆఫీసరా, ఈవిడా? వందమంది విన్నారట."

మైకు నా వంక చూడలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాకు తెలుసు, వాడు నిజం చెబితే జైలుకెళ్ళేది నేనే. ఆ క్షణంలో నేను వాడి చేతుల గురించి కాదు, నా గురించి భయపడ్డాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ భయపడ్డాను.

తమ్ముడు కట్లున్న చేతుల్ని దుప్పటి మీద సర్దుకున్నాడు. "గేటు దగ్గర కుక్క ఏం చెయ్యలేదండి. బట్ట పట్టుకుంది, వదిలేసింది. ఇంటికెళ్ళాక నేనే ముద్దు చేసుకుంటూ గీసుకున్నా. నేనే నాకించుకున్నా. రాసుకోండి."

మైకు లేచాడు. "నీ అక్క కుక్కవిరా నువ్వు," అని వాడి మంచం మీద ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే నలభైమంది మా షెడ్డు మీద పడ్డారు. నేను వెళ్ళేసరికి తలుపులు లేవు, కప్పు లేదు. ఎదురింటావిడ చెప్పింది, రాడ్డు ఎత్తిన మొదటి చేతిని దొర పట్టుకుందట. మిగతా రాడ్లన్నీ దానిమీదే పడ్డాయట. పదమూడింటిలో నాలుగు పారిపోయి బతికాయి. వారం తిరక్కుండా సమ్మె విరిగిపోయింది. పాత పదిగంటలకే అందరూ లోపలికి వెళ్ళారు. ఆ నెల్లోనే కొలిమి దగ్గర ఇంకొకడు పోయాడు. వాడి పెళ్ళాం మా గుమ్మంలోకి వచ్చి పేరుపేరునా మమ్మల్ని శపించింది. తలుపు తీసి నిలబడి మొత్తం విన్నాను.

వానలు పడే ముందు తమ్ముణ్ణి ఇంటికి తెచ్చాను. మొదటిరోజు కంచంలో అన్నం కలిపి వాడికి ముద్దలు పెడుతున్నాను. వాడు బుద్ధిగా నోరు తెరుస్తున్నాడు. చిన్నప్పుడైనా అంత బుద్ధిగా తిన్నవాడు కాదు. ఆ నోరు చూస్తుంటే నాకింక ఉండబట్టలేదు. ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఒరేయ్, నీకొకటి చెప్పాలి. ఆరోజు నేను పట్టు అన్నప్పుడు కర్ర ఆఫీసరు చేతిలో లేదురా. అప్పటికే నీ చేతికొచ్చేసింది. నేను చూశాను. చూసే అన్నాను. చిట్టి నా కాళ్ళమీద పడి ఉంది, నాకు ఒళ్ళు తెలీలేదు. నీమీద ఒట్టేసి మరీ అబద్ధం చెప్పాను. తెలిసుంటే నువ్వు ఆ చెయ్యి ముందుకి చాచేవాడివా, ఇన్‌స్పెక్టరుకి అలా చెప్పేవాడివా..."

వాడు నమలడం పూర్తిచేసి మింగాడు.

"కర్ర నా చేతిలో ఉంది కదే. ఎప్పుడొచ్చిందో నాకు తెలీదా?"

వాడు మళ్ళీ నోరు తెరిచాడు.

"ముద్ద పెట్టక్కా," అన్నాడు. "చల్లారిపోతోంది."